ఇంట్లో కంప్యూటరు ఇంతలా అరవక్కర్లేదు

మా వీధి చివరింటి కుర్రాడు ఇంజనీరింగు చదువుతున్నాడు. మొన్న చలికాలంలో కొత్త కంప్యూటరు అసెంబుల్ చేయించుకుని, చూద్దురుగాని రమ్మని పిలిచాడు. గుమ్మం ఎక్కుతుండగానే లోపల్నుంచి హోరు వినిపించింది. క్యాబినెట్ ముందు మూడు, వెనక ఒకటి, ప్రాసెసర్ మీద ఒకటి, మొత్తం ఐదు ఫ్యాన్లూ ఫుల్లు మీద తిరుగుతున్నాయి. తెర మీద ఉన్నది మాత్రం ఒక్క పీడీఎఫ్. "ముప్పై ఎనిమిది డిగ్రీలు దాటట్లేదంకుల్" అని తెర మూల ఉన్న ప్రాసెసర్ ఉష్ణోగ్రత అంకె చూపించాడు. షాపువాళ్లే అలా పెట్టి ఇచ్చారట. "ఫ్యాన్లు తగ్గించకు బాబూ, సల్లగుంటే లైఫెక్కువొస్తాది" అని చెప్పి మరీ పంపారట. పక్కగదిలో వాళ్లమ్మగారు టీవీ సౌండు పెంచుకుని చూస్తున్నారు.

ఆ మాట అప్పట్నుంచీ నా బుర్రలో తిరుగుతోంది. షాపువాళ్లు అతని మంచి కోరే చెప్పారు, అందులో అనుమానం లేదు. కానీ ఆ సలహా సరైంది కాదని నా గట్టి నమ్మకం. పద్దులు రాసుకోవడానికి, పాఠాలు వినడానికి, నాలుగు ట్యాబులు తెరిచి చదువుకోవడానికి వాడే ఇంటి కంప్యూటరు వీలైనంత చల్లగా ఉండాల్సిన పని లేదు. తన హద్దులో తాను ఉంటే చాలు. ఫ్యాన్లు ఎంత వేగంగా తిరగాలో ఆ ఇంట్లో ఉండేవాళ్ల చెవులు తేల్చాలి. ఉష్ణోగ్రత అంకెకి ఇవ్వాల్సింది కాపలా ఉద్యోగం ఒక్కటే.

నేను షాపులకి జీఎస్టీ పద్దులు చూస్తాను. నెలలో 11వ తేదీకి ముందు, 20వ తేదీకి ముందు రాత్రుళ్లు పొద్దుపోయేదాకా కంప్యూటరు ముందే ఉంటాను. మాది చిన్న ఇల్లు. మా అమ్మ మంచం, నా బల్ల ఒకే హాల్లో ఉంటాయి. తొమ్మిదింటికి పడుకునే మనిషి పదిన్నరకి లేచి "ఆ రొద ఆపీరా నాయనా" అంటే, అక్కడ ఇబ్బంది పడుతున్నది ప్రాసెసరా, అమ్మా? ఈ వ్యాసంలో నేను చెప్పేదంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

38 అయితే ఏమిటి, 62 అయితే ఏమిటి

60 డిగ్రీలంటే మనకి భయం వేస్తుంది. అంత వేడి ఉన్న గిన్నె పట్టుకుంటే చెయ్యి కాలుతుంది కాబట్టి సహజమే. సిలికాన్‌కి ఆ భయం లేదు. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి హద్దు 100 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఏఎమ్‌డీ 2022లో తెచ్చిన రైజెన్ 7000 వరసకి 95. భారీ పని మీద 95 దగ్గర నడవడం తాము అనుకుని చేసిన ఏర్పాటేనని ఆ కంపెనీ అప్పుడే చెప్పింది. హద్దు దగ్గరకొస్తే చిప్పు తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. అప్పటికీ వేడి ఆగకపోతే మెషీను ఆగిపోతుంది. మనం చూసినా చూడకపోయినా ఈ రక్షణ లోపల ఉంటుంది.

అలాంటప్పుడు 38 దగ్గర ఉన్న పీడీఎఫ్ 62 దగ్గర ఉన్న పీడీఎఫ్ కంటే త్వరగా తెరుచుకోదు. ట్యాలీ ఎంట్రీ త్వరగా పడదు. ఆ 24 డిగ్రీల తేడా కోసం ఇల్లంతా చెల్లించే మూల్యం మాత్రం చాలా ఎక్కువ. ఎందుకంటే ఫ్యాను వేగానికీ మోతకీ ఉన్న లెక్క మనం ఊహించుకునే లెక్క కాదు.

ఫ్యాను వేగం సగానికి తగ్గిస్తే గాలి సగానికి తగ్గుతుంది. మోత మాత్రం సుమారు 15 డెసిబెల్స్ పడిపోతుంది. 10 డెసిబెల్స్ తగ్గితేనే చెవికి సగం అయినట్టు అనిపిస్తుంది, కాబట్టి 15 అంటే ఎంతో ఆలోచించండి. ఇదే లెక్కలో ఇంకో చిత్రం ఉంది. ఒకే రకం ఫ్యాను రెండోది పక్కన పెడితే మోత పెరిగేది 3 డెసిబెల్సే. అంటే ఒక ఫ్యానుని పూర్తి వేగంతో తిప్పే బదులు రెండు ఫ్యాన్లని సగం వేగంతో తిప్పితే గాలి దాదాపు అంతే వస్తుంది, మోత 12 డెసిబెల్స్ దాకా తగ్గుతుంది. ఆ కుర్రాడి క్యాబినెట్‌లో ఐదు ఫ్యాన్లు ఉండటం నిజానికి అదృష్టం. వేగం తగ్గించగల రకమైతే ఐదూ నెమ్మదిగా తిరగొచ్చు. ఐదింటినీ ఫుల్లు మీద పెడితే ఆ అదృష్టం కాస్తా చెవులకి శిక్ష అవుతుంది.

గాలి సగమైతే వేడి రెట్టింపవుతుందేమోనని అడుగుతారు. మామూలు పనుల్లో అలా జరగలేదు. నా మెషీన్లో వెనక ఫ్యాను నిమిషానికి 1750 నుంచి 800 చుట్లకి దిగితే, బ్రౌజరు, ట్యాలీ, ఎక్సెల్ తెరిచి ఉన్నప్పుడు ప్రాసెసర్ ఐదారు డిగ్రీలు పెరిగింది. మామూలు పనిలో ప్రాసెసర్ పుట్టించే వేడే తక్కువ. ఆ కొద్ది వేడిని బయటికి తోలడానికి నెమ్మదైన గాలి చాలు. గంటల తరబడి వీడియో రెండరింగు చేసేవాళ్ల సంగతి వేరు, వాళ్లకి నేను చెప్పేదేమీ లేదు.

చెవిని చంపేది ఊగిసలాట

ఫ్యాను మోతలో రెండు రకాలున్నాయి. ఒకటి నిలకడగా ఉండే సన్నటి గాలి చప్పుడు. కాసేపటికి చెవి దాన్ని పక్కన పెట్టేస్తుంది. రెండోది పెరిగి, తగ్గి, మళ్లీ పెరిగే మోత. ఇది మాత్రం చెవిని వదలదు. నిద్రపోయే మనిషిని లేపేది ఇదే. డెసిబెల్స్ లెక్కలో మొదటిదాని కంటే తక్కువే ఉన్నా, చిరాకు పెట్టడంలో మాత్రం రెండోదే ముందుంటుంది.

ఈ ఊగిసలాట ఎక్కడ పుడుతుందంటే, కొత్త ట్యాబు తెరిచిన క్షణాన ప్రాసెసర్‌లో ఒక కోరు (లెక్కలు చేసే ఒక భాగం) ఒక్కసారిగా నాలుగు గిగాహెర్ట్జ్ పైకి దూకుతుంది. సెన్సరు ఉండేది ఆ సిలికాన్‌లోనే కాబట్టి సెకను తిరక్కుండానే 45 నుంచి 65కి అంకె ఎగురుతుంది. పేజీ రాగానే అంతే వేగంగా పడిపోతుంది. భాగాలన్నీ తగిలించి ఉండే పలక, అంటే మదర్‌బోర్డు, ఆ అంకెని చూసి ఫ్యానుని పరిగెత్తిస్తుంది. ప్రాసెసర్ వేడిని లాక్కునే పైనున్న లోహపు రెక్కల దిమ్మ, హీట్‌సింక్‌కి, అప్పటికింకా వేడి తగలనే లేదు. పొయ్యి మంట ఒకసారి ఎగసినంత మాత్రాన అట్ల పెనం వేడెక్కదు కదా, ఇదీ అంతే. ఆ పరుగంతా వృథా. ఫ్యాను ఉరికేసరికి వేడి లేదు, ఆగేసరికి మరో ట్యాబు తెరిచాం.

మందు సులువే, అదీ బయాస్‌లోనే ఉంది. బయాస్ అంటే విండోస్ రాకముందే తెరుచుకునే మదర్‌బోర్డు సొంత సెట్టింగుల పేజీ. ఆసుస్ బోర్డుల్లో క్యూ-ఫ్యాన్ అని, గిగాబైట్‌లో స్మార్ట్ ఫ్యాన్ అని, ఆస్‌రాక్‌లో ఫ్యాన్-టాస్టిక్ ట్యూనింగ్ అని పేర్లు వేరుగా ఉంటాయి గానీ లోపల ఉండేది ఒకే గీత. ఎంత వేడికి ఎంత వేగం అని నాలుగైదు చుక్కలు పెడతాం. 60 డిగ్రీల దాకా 35 శాతం దగ్గర అడ్డంగా ఒకే గీత, 70కి 45 శాతం, 80కి 70 శాతం, 90కి ఫుల్లు. నేను వాడేది ఇంచుమించు ఇదే. దీనితో పాటు స్టెప్ అప్ సమయం అని ఒకటుంటుంది. వేడి పెరిగిన తర్వాత ఎన్ని సెకన్లు ఆగి స్పందించాలో అది చెబుతుంది. ఆ బోర్డు ఒప్పుకున్నంత ఎక్కువ పెట్టుకోవచ్చు. గీతలో అడ్డంగా ఉన్న భాగం, ఈ ఆగే సమయం రెండూ కలిస్తే ట్యాబులు తెరిచినా మూసినా ఫ్యాను గొంతు మారదు.

అడుగున మరీ తగ్గించకూడదు. చాలా ఫ్యాన్లు 20, 30 శాతం కిందకి దిగితే తిరగడం మానేస్తాయి, లేదా ఆగుతూ సాగుతూ టకటకలాడతాయి. నెమ్మదిగా కిందికి దించుకుంటూ వెళ్లి, చప్పుడు వినపడటం మానేసిన చోట ఆపడమే పద్ధతి. అంతకన్నా తగ్గించినా లాభం లేదు, వినపడని దాన్ని ఇంకా ఎందుకు తగ్గించడం?

ఇదే పని విండోస్‌లో ఫ్యాన్ కంట్రోల్ లాంటి ప్రోగ్రాములతో చేయొచ్చు. పాతకాలపువాళ్లు స్పీడ్‌ఫ్యాన్ వాడేవారు. లినక్స్ వాడేవాళ్లకి ఎల్ఎం-సెన్సర్స్ ఉంది. వీటిలో వెసులుబాటు ఎక్కువే. అయినా నా ఓటు బయాస్‌కే. విండోస్ ఇరుక్కుపోయినా, మార్చి వేసినా, ఇంట్లో ఇంకెవరు లాగిన్ అయినా బయాస్‌లోని గీత చెక్కుచెదరదు.

ఇక్కడ మన ఊళ్లలో తరచూ కనిపించే జబ్బు ఒకటి చెప్పాలి. వైరు చివర మూడు పిన్నులున్న ఫ్యాను వేగాన్ని వోల్టేజీ తగ్గించి తగ్గించాలి. నాలుగు పిన్నులున్న దానికి నాలుగో తీగ మీద ఎంత వేగంగా తిరగాలో చెప్పే పీడబ్ల్యూఎం సంకేతం వెళుతుంది. మూడు పిన్నుల ఫ్యాను తగిలించి బయాస్‌లో పీడబ్ల్యూఎం అని ఉంచేస్తే, బోర్డు దానికి ఎప్పుడూ 12 వోల్టులే ఇస్తుంది. అది ఎప్పుడూ ఫుల్లు మీదే తిరుగుతుంది. ఆ పేజీలోనే డీసీ (వోల్టేజీ తగ్గించే పద్ధతి) అని మార్చితే చాలు, గీత మాట వింటుంది. నా కంప్యూటర్లో వెనక ఫ్యానుకి షాపులో చేసింది సరిగ్గా ఇదే. ఇంతకంటే మొండిది ఇంకొకటుంది. రంగురంగుల లైట్లతో వచ్చే చవక క్యాబినెట్లలో ఫ్యాన్లు బోర్డుకి తగలవు. మోలెక్స్ వైరుతో తిన్నగా పవర్ సప్లైకే వెళతాయి. వాటిని ఏ సాఫ్ట్‌వేరూ తగ్గించలేదు. చివరింటి కుర్రాడి ముందు మూడు ఫ్యాన్లూ ఇవే. ఆ మూడింటినీ పీకేసి, ఒక చోట నాలుగు పిన్నుల ఫ్యాను ఒకటి కొని పెట్టాం.

ఐదున్నర శ్రుతి

మాది విజయనగరం. 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న ఊరు, ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాల్‌గా ఉన్న ఊరు, ద్వారం వెంకటస్వామి నాయుడుగారి వయొలిన్ విన్న ఊరు. ఇక్కడ సాయంత్రం ఏ వీధిలో నడిచినా ఏదో ఒక ఇంట్లో సరళీ స్వరాలు వినిపిస్తాయి. మా అమ్మాయి కూడా నేర్చుకుంటోంది. ఫోన్లో తంబురా యాప్ పెట్టుకుని ఐదున్నర శ్రుతిలో పాడుతుంది.

ఒకరోజు పాడుతూ పాడుతూ ఆగి, "నాన్నా, నీ కంప్యూటరు శ్రుతి లాగేస్తంది" అంది. చిన్నపిల్ల మాట అని తీసెయ్యబుద్ధి కాలేదు. లెక్క వేసి చూశాను. వెనక ఫ్యానుకి ఏడు రెక్కలు. నిమిషానికి 1750 చుట్లు. అంటే సెకనుకి దాదాపు 204 సార్లు ఏదో ఒక రెక్క గాలిని కొడుతోంది. ఐదున్నర శ్రుతికి షడ్జమం (స) దాదాపు 208 హెర్ట్జ్, అంటే సెకనుకి 208 కంపనాలు. ఈ రెండూ కలిసి మోగితే సెకనుకి నాలుగుసార్లు అల లేచి పడుతుంది. శ్రుతి కలుపుకునేవాళ్లు ఏ అల పోవాలని తంబురా బిరడాలు తిప్పుతారో, సరిగ్గా ఆ అలని మా హాల్లో కంప్యూటరు తెచ్చి పెడుతోంది. పిల్ల చెవి అబద్ధం చెప్పలేదు.

వేగం 800కి దించాక ఆ స్వరం 93 హెర్ట్జ్‌కి దిగింది, అదీ అంతంత మాత్రపు చప్పుడుతో. తంబురా నిండుగా వినిపించింది. ఇంట్లో ఇద్దరు ఒకే గదిలో రెండు పనులు చేసుకోగలిగారు. వేడి అంకె ఐదు డిగ్రీలు పెరిగింది, పెరగనీ. ఐదు డిగ్రీలకి ఇంత వస్తే ఎవరు వద్దంటారు?

రెండు ఫ్యాన్లు దగ్గరదగ్గర వేగాలతో తిరిగినా ఇదే అల వస్తుంది. నెమ్మదిగా "ఊం... ఊం..." అని లేచి పడే ఆ శబ్దాన్ని చాలామంది బేరింగు పోయిందనుకుంటారు. ముందు ఫ్యాన్లకీ వెనక ఫ్యానుకీ కావాలని కాస్త ఎడంగా వేగాలు పెడితే అది పోతుంది. బేరింగు నిజంగా పోయినదాన్ని గుర్తుపట్టడం తేలిక. వేగం ఎంత తగ్గించినా కరకర పోదు. దానికి సెట్టింగులతో పని లేదు, ఫ్యాను మార్చడమే.

"పైన ఫ్యాను తిరుగుతుంటే ఇదెవరికి వినిపిస్తాది?"

ఈ విషయం ఎత్తితే నాకు ఎదురయ్యే అతి బలమైన ప్రశ్న ఇదే. మన ఇళ్లలో ఏడాదిలో ఎక్కువ నెలలు సీలింగ్ ఫ్యాను అయిదు మీద తిరుగుతుంది. ఎండాకాలం కిటికీలో కూలరు కూడా తోడవుతుంది. రోడ్డు మీద ఆటోలు, పక్క వీధిలో మైకు. నిశ్శబ్దమైన గదులున్న దేశాలవాళ్లు పడే యాతన మనకెందుకు అంటారు. కొట్టిపారేయగల ప్రశ్న కాదిది. కొన్నాళ్లు నేనూ దీనికి జవాబు దొరక్క ఆగాను.

జవాబు నాకు శబ్దం తీరులో దొరికింది. సీలింగ్ ఫ్యాను నిమిషానికి 350 చుట్ల దగ్గర తిరుగుతుంది, మూడు రెక్కలు. లెక్క వేస్తే సెకనుకి 17, 18 దెబ్బలు. మనిషి చెవి 20 హెర్ట్జ్ కింద స్వరాన్ని వినలేదు. అందుకే సీలింగ్ ఫ్యాను నుంచి మనకి వినపడేది ఒట్టి గాలి, అందులో స్వరం లేదు. కంప్యూటరు ఫ్యానుది సన్నగా, ఒకే చోట నిలబడే స్వరం. గాలి చప్పుడు దాన్ని కొంత కప్పుతుంది గానీ పూర్తిగా మింగలేదు. అందులోనూ అది ఊగుతూ ఉంటే అసలు కప్పలేదు.

ఇంకో సంగతి కరెంటు పోయినప్పుడు తెలుస్తుంది. సీలింగ్ ఫ్యాను, ఫ్రిజ్జు ఒక్కసారిగా ఆగుతాయి. యూపీఎస్ మీద కంప్యూటరు ఒక్కటే మిగులుతుంది. అప్పుడు హాల్లో ఏది ఎంత మోత చేస్తోందో ఎవరూ చెప్పక్కర్లేదు. అంతవరకూ లేదనుకున్న రొద అంతసేపూ అక్కడే ఉంది. దాని మీదుగా గొంతు పెంచి మాట్లాడుకుంటున్నాం, టీవీ సౌండు పెంచుకుంటున్నాం. కార్తీకం దాటాక రాత్రుళ్లు మా ఇంట్లో సీలింగ్ ఫ్యాను వెయ్యరు. ఆ మూడు నెలలూ పడుకున్నవాళ్లకి కంప్యూటరు రొద ఒక్కటే తోడు. అయినా ఒకటి ఒప్పుకోవాలి. మే నెల మధ్యాహ్నం ఈ సర్దుబాటు విలువ తక్కువ. డిసెంబరు రాత్రి దీని విలువ చాలా ఎక్కువ.

మన ఎండలకి మన గీత

ఇంటర్నెట్లో దొరికే ఫ్యాను గీతలు ఎక్కువగా 20, 22 డిగ్రీల గదుల్లో కూర్చున్నవాళ్లు గీసినవి. వాటిని తెచ్చి ఇక్కడ యథాతథంగా పెడితే ఏప్రిల్ రాగానే బెడిసికొడతాయి. కారణం తేలిక. అదే పనికి, అదే ఫ్యాను వేగానికి ప్రాసెసర్ గది కంటే ఇంచుమించు ఒకే ఎత్తులో ఉంటుంది. నా దాంట్లో మామూలు పనికి ఆ ఎత్తు 22 నుంచి 25 డిగ్రీలు. డిసెంబరు రాత్రి గది 20 ఉంటే ప్రాసెసర్ 45. మే నెల సాయంత్రం డాబా శ్లాబు కక్కే వేడికి గది 37 ఉంటే ప్రాసెసర్ 60 దాటుతుంది. 50 దగ్గర లేవడం మొదలుపెట్టే గీత డిసెంబరులో సైలెంటుగా ఉండి, మేలో ఏ పనీ లేకుండానే అరుస్తుంది. అప్పుడు యజమాని కంప్యూటరు పాడైందని షాపుకి మోసుకెళతాడు.

అందుకే మన దగ్గర అడ్డంగీత కనీసం 60, 65 దాకా సాగాలని నా వాదన. ఓపిక ఉన్నవాళ్లు రెండు ప్రొఫైళ్లు దాచుకోవచ్చు. చాలా బోర్డుల్లో ఆ వీలుంది. ఎండాకాలపు దాంట్లో అడుగు వేగం కాస్త పెంచుకోవచ్చు, ఎలాగూ అప్పుడు సీలింగ్ ఫ్యాను గాలి దాన్ని కొంత కప్పుతుంది. చలికాలపు దాంట్లో తగ్గించుకోవచ్చు.

మోత తగ్గించడానికి ఇంకో దారి అసలు వేడినే తక్కువ పుట్టించడం. విండోస్ పవర్ ప్లాన్‌లో మ్యాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్ 100 నుంచి 99 చేస్తే చాలా మెషీన్లలో టర్బో, అంటే ప్రాసెసర్ మామూలు వేగాన్ని దాటి పరిగెత్తడం, ఆగిపోతుంది. రైజెన్‌లలో కరెంటు తక్కువ వాడే ఎకో మోడ్ ఉంటుంది. పద్దులు, బ్రౌజింగు చేసేవాళ్లకి ఆ తేడా చేతికి తెలియదు, చెవికి మాత్రం తెలుస్తుంది. ఫ్యాను తగ్గించడానికి భయపడేవాళ్లకి నేను ముందు చెప్పేది ఇదే.

నాకున్న అనుమానాలు

వేడి ఆయుష్షు తగ్గిస్తుందన్న మాటలో నిజం లేకపోలేదు. మదర్‌బోర్డు మీద, పవర్ సప్లైలో ఉండే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లకి (కరెంటుని కాస్త దాచి నిలకడగా ఇచ్చే చిన్న డబ్బాలు) 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుందని ఇంజనీర్లు వాడే పాత లెక్క ఒకటుంది. దాన్ని పక్కన పెట్టలేను. అయితే ఆ లెక్కనే చివరిదాకా వేసి చూడాలి. 105 డిగ్రీల దగ్గర 5000 గంటలు అని రాసి ఉన్న కెపాసిటరు 65 దగ్గర నడిస్తే పదహారు రెట్లు, 80,000 గంటలు. రోజుకి ఎనిమిది గంటలు వాడితే పాతికేళ్ల పైమాట. ఆ లోపల ఎన్ని కంప్యూటర్లు మారుస్తాం? ఇక్కడ ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ప్రాసెసర్ వేడి, బోర్డు వేడి ఒకటి కావు. బోర్డు మీద కాస్తయినా గాలి పారాలి. అందుకే క్యాబినెట్ ఫ్యాన్లని పూర్తిగా ఆపెయ్యమని నేను అనను. నెమ్మదిగానే అయినా తిరుగుతుండాలి.

హార్డ్ డిస్కుల గురించి కూడా ఇదే భయం ఉంది. 2007లో గూగుల్ ఇంజనీర్లు లక్షకి పైగా డిస్కులు చూసి రాసినదాంట్లో, మామూలు ఉష్ణోగ్రతల్లో వేడికీ చెడిపోవడానికీ గట్టి సంబంధం కనపడలేదు. మరీ చల్లగా ఉంచిన డిస్కులే ఎక్కువ పోయాయి. బాగా వేడెక్కినవాటిలో, అదీ వయసు మళ్లిన డిస్కుల్లో తేడా కనిపించింది. నేను మాత్రం డిస్కు 45 దాటకుండా చూసుకుంటాను. ఆ అంకెని బట్టి ముందు ఫ్యాను అడుగు వేగం పెడతాను.

దుమ్ము విషయంలో నా వాదన కాస్త బలహీనపడుతుంది. మన తేమకి దుమ్ము ముద్దగా మారి హీట్‌సింక్ రెక్కల మధ్య గుడ్డలా అతుక్కుంటుంది. శుభ్రంగా ఉన్నప్పుడు 800 చుట్లు సరిపోయిన మెషీనుకి ఏడాది తర్వాత సరిపోవు. గీత ఒకసారి గీసి వదిలేస్తే కుదరదు. దసరాకి ఆయుధపూజలో కంప్యూటరుకి బొట్టు పెట్టే ముందు మూత తీసి, బ్లోయరుతో దులిపితే ఏడాదికో పని అయిపోతుంది. దులిపేటప్పుడు ఫ్యాను రెక్కని వేలితో పట్టుకోవాలి. బ్లోయరు గాలికి అది విపరీతంగా తిరిగితే బేరింగు పాడవుతుంది.

శ్రీకాకుళంలో మా బావమరిదికి జెరాక్స్, నెట్ సెంటరు ఉంది. షట్టరు తీస్తే నేరుగా రోడ్డే. బస్సులు, ఆటోలు, లోపల జెరాక్స్ మెషీను. "నీ సైలెంటు నాకెందుకు బావా" అన్నాడు. అతని మాట న్యాయమే. అక్కడ చప్పుడు ఎవరినీ బాధించదు, రోజంతా తలుపులు బార్లా ఉండే గదిలో వేడి ఎక్కువ. అక్కడ ఫ్యాన్ల మోత తగ్గించాలని నేను వాదించను. ఒక్కటే చెప్పాను: ఎంత గాలి లాగితే అంత రోడ్డు దుమ్ము కూడా లోపలికి లాగుతుంది, కాబట్టి అవసరం లేని వేగం అతనికీ నష్టమే. సముద్రం ఒడ్డున కళింగపట్నం వైపు ఇళ్లలో అయితే ఉప్పు గాలికి క్యాబినెట్ స్క్రూలే తుప్పు పడతాయి. అక్కడ కూడా ఊరికే గాలి తోలడం మంచి పనేమీ కాదు.

ల్యాప్‌టాపుల దగ్గర నాకు నిజంగా కోపం వస్తుంది. డెస్క్‌టాప్‌లో నా చేతికిచ్చిన గీత ల్యాప్‌టాప్‌లో తాళం వేసి ఉంటుంది. కొన్ని కంపెనీలు తమ యాప్‌లో సైలెంట్ మోడ్ అని ఒక బటను ఇస్తాయి, చాలావాటిలో అదీ ఉండదు. డబ్బు పెట్టి కొన్నవాడికి తన ఇంట్లో ఎంత చప్పుడు కావాలో తేల్చుకునే హక్కు ఉండాలి. చిప్పు తనని తాను కాపాడుకోగలిగినప్పుడు ఆ తాళం దేనికి? మనం చేయగలిగింది ఇంతే: మంచం మీద, బొంత మీద పెట్టకుండా గట్టి బల్ల మీద పెట్టడం, కింద గాలి కన్నాలు మూసుకుపోకుండా చూడటం, టర్బో తగ్గించుకోవడం.

డెస్క్‌టాపుల విషయంలో మాత్రం తాళం చెవి మన ఊరి షాపువాళ్ల చేతుల్లోనే ఉంది. మెషీను అప్పగించే ముందు బయాస్ తెరిచి, ఏ ఫ్యానుకి ఎన్ని పిన్నులో చూసి డీసీయో పీడబ్ల్యూఎమ్మో సరిగ్గా పెట్టి, 60 దాకా అడ్డంగీత గీయడానికి పట్టేది పది నిమిషాలు. కొనేవాళ్లు అడగకపోతే వాళ్లు చేయరు. అడిగితే చేస్తారు, చివరింటి కుర్రాడి స్నేహితుడు ఒకడు మొన్న అలాగే అడిగి చేయించుకున్నాడు. క్యాబినెట్ ఎంచుకునేటప్పుడు లైట్ల కంటే ముందు ఆ ఫ్యాన్ల వైర్లు బయటికి లాగించి చూడండి. మోలెక్స్ ఉంటే వద్దనండి. నాలుగు పిన్నులది అయితే మంచిది, మూడు పిన్నులదైనా సరే, బోర్డుకి తగిలేదై ఉంటే చాలు.